పెళ్లి, ఒంటరి జీవితం, ఆత్మీయ ఎదుగుదల: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లికి సిద్ధపడుతున్నవాళ్లు, పెళ్లయి ఏళ్లు గడిచినవాళ్లు, పెళ్లి కానివాళ్లు, వద్దనుకున్నవాళ్లు, తోడును పోగొట్టుకున్నవాళ్లు వాక్య సహవాసాల్లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. వచనాల సంఖ్యలు ఇచ్చాం. బైబిలు పక్కన తెరిచి పెట్టుకుని చదివితే ఉపయోగం.

పెళ్లి, ఒంటరి జీవితం: దేవుని దృష్టిలో ఏది గొప్పది?

1 కొరింథీయులకు 7:7లో పౌలు ఈ రెండింటికీ ఒకే మాట వాడాడు: కృపావరం. గ్రీకులో అది ఖరిస్మా. అదే పత్రిక 12వ అధ్యాయంలో స్వస్థపరచడం వంటి వరాలకు వాడిందీ ఆ మాటే. వరాలు పొందినవాడి పరువు కోసం కాదనీ అందరి ప్రయోజనం కోసమనీ 12:7 చెబుతుంది. కాబట్టి ఏది గొప్పదని అడగడం కంటే, నాకున్న స్థితి వల్ల ఎవరికి మేలు జరుగుతోందని అడగడం మంచిది.

సంఘం ఈ విషయంలో రెండు వైపులా తప్పిపోయింది. 4వ శతాబ్దంలో గంగ్ర అనే పట్టణంలో జరిగిన సభ, వివాహాన్ని అసహ్యించుకునేవాళ్లను గట్టిగా ఖండించింది. ప్రభువు కోసం కన్యగా ఉంటూ పెళ్లైనవాళ్లను చిన్నచూపు చూసేవాళ్లనూ అదే సభ ఖండించింది. అంటే ఆ గర్వం అప్పటికే సంఘంలో ఉందన్నమాట. 1563లో కతోలిక సంఘపు ట్రెంట్ సభ మాత్రం పెళ్లి కంటే కన్యత్వమే శ్రేష్ఠమని తీర్మానించింది. అంతకుముందే 1525 జూన్ 13న సంస్కరణ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్, మఠం విడిచివచ్చిన కథరీనా ఫాన్ బోరాను పెళ్లి చేసుకున్నాడు. తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే దేవుడు దూతలతో కలిసి చిరునవ్వు నవ్వుతాడని అతడు 1522లోనే రాశాడు. అది వినాల్సిన మాటే. అయితే ఆ తర్వాత సంస్కరణ సంఘాలు అవతలి గట్టుకు వెళ్లిపోయాయి. పెళ్లే మామూలు జీవితమనీ, పెళ్లి కానివాళ్లు ఇంకా వంతు రాని వాళ్లనీ అనుకోవడం అలవాటైంది. మన సంఘాల్లో చాలావాటికి పట్టిన జబ్బు ఈ రెండోదే.

"నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదు" అని దేవుడే అన్నాడు కదా?

అన్నాడు, ఆదికాండము 2:18లో. ఆ లోటును అక్కడ భార్యతోనే తీర్చాడు కూడా. కానీ ఆ మాట పెళ్లి చేసుకోమని ప్రతి ఒక్కరికీ ఇచ్చిన ఆజ్ఞ అయితే, యిర్మీయాతో భార్యను చేసుకోవద్దని దేవుడు ఎలా అంటాడు (యిర్మీయా 16:2)? యేసు జీవితం సంగతి ఏమిటి? మనిషికి మనిషి కావాలన్నది ఆ వచనంలోని సత్యం. ఆ తోడు దొరికే చోట్లలో పెళ్లి ఒకటి. ఇల్లు, అన్నదమ్ములు, తల్లి వదులుకున్నవాడికి ఈ లోకంలోనే నూరంతలు ఇళ్లు, అన్నదమ్ములు, తల్లులు దొరుకుతారని మార్కు 10:29-30లో యేసు మాటిచ్చాడు. ఆ మాట నెరవేరేది సంఘంలో. నెరవేరకపోతే ఒంటరి విశ్వాసి విశ్వాసాన్ని తప్పుపట్టే ముందు సంఘం తన ఇంటి తలుపు చూసుకోవాలి.

ఇంకో సంగతి. "సాటియైన సహాయం" అన్నచోట హెబ్రీలో ఉన్న ఏజెర్ అనే మాటను కీర్తన 33:20లో దేవునికే వాడారు. సహాయం అంటే చేతికింద మనిషి అనే అర్థం అక్కడ కుదరదు.

ఒంటరిగా ఉండే వరం నాకుందో లేదో ఎలా తెలుస్తుంది?

వరం ఉంటే శరీర కోరిక ఉండదని చాలామంది అనుకుంటారు. కోరిక కలిగిన మొదటి రోజే, నాకు వరం లేదని తేల్చేసుకుంటారు. కోరిక ఉండటం, దానికి లొంగిపోయి నడవడం వేరువేరు. పెళ్లైనవాడికి పరాయి స్త్రీ మీద చూపు పడినంత మాత్రాన అతనికి పెళ్లి అనే వరం లేదంటామా?

తొందరపడకుండా ఒక ఏడాది తీసుకోండి. ప్రతి నెలాఖరున మూడు విషయాలు నోట్‌బుక్‌లో రాయండి: ఈ నెల నా ఖాళీ సమయం ఎవరికి వెళ్లింది, నేను మెత్తబడ్డానా గట్టిపడ్డానా, నా తప్పును ఎవరైనా చెబితే ఎలా తీసుకున్నాను. 12 నెలల రాతలు ఒకేసారి చదివితే మన గురించి మనకే తెలియనిది తెలుస్తుంది. మిమ్మల్ని బాగా ఎరిగిన ముగ్గురిని, వాళ్లలో ఒకరైనా పెళ్లైనవారు, ఇంకొకరు కానివారు అయ్యేలా చూసుకుని, సూటిగా అడగండి. "పెళ్లి వద్దనడం నాలో పిలుపులా కనిపిస్తోందా, భయంలా కనిపిస్తోందా?" బాధ్యత అంటే భయం, ఒకప్పటి గాయం, సుఖంగా సాగుతున్న దినచర్య చెదురుతుందనే చిరాకు, ఇవన్నీ పిలుపు ముసుగు వేసుకుని రాగలవు.

జీవితాంతం ఒంటరిగా ఉంటానని ఒక్క ఉజ్జీవ కూడికలో నిలబడి మొక్కుకోకండి. శతాబ్దాల అనుభవమున్న కతోలిక మఠాలే అలా చేయవు. వాళ్ల నియమావళి ప్రకారం నవశిష్యత్వం, అంటే మఠంలో చేరినవారి తొలి శిక్షణ, కనీసం 12 నెలలు. తర్వాత తాత్కాలిక మాటపట్టు (మొక్కు) 3 ఏళ్లకు తగ్గకూడదు. ఆ తర్వాతే శాశ్వతమైన మాటపట్టు. మీకు ఉరి వేయడానికి చెప్పడం లేదని 1 కొరింథీయులకు 7:35లో పౌలు అంటాడు. ఉరి అన్నది అతని మాటే.

నేను కోరుకోలేదు, కుదరక ఇలా ఉండిపోయాను. ఇది కూడా పిలుపేనా?

మత్తయి 19:12లో యేసు మూడు రకాలవాళ్లను చెబుతాడు: పుట్టుకతో నపుంసకులైనవారు, మనుషులు అలా చేసినవారు, పరలోక రాజ్యం కోసం తమంతట తాము అలా ఉన్నవారు. ముగ్గురిలో ఇద్దరు కోరుకున్నవాళ్లు కాదు. అయినా యేసు లెక్కలో వాళ్లున్నారు. యెషయా 56:3-5లో దేవుడు, నేను ఎండిన చెట్టునని అనుకోవద్దని అలాంటివాళ్లతోనే అన్నాడు. కొడుకులు, కూతుళ్లు ఉండటం కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానన్నాడు. ద్వితీయోపదేశకాండము 23:1 ప్రకారం సమాజంలోకి రానివ్వని మనుషులతో ఆ మాట అన్నాడని గుర్తుంచుకుంటే దాని బరువు అర్థమవుతుంది.

దీన్ని పిలుపు అని బలవంతంగా పిలుచుకోనక్కర్లేదు. ఏడవవచ్చు. పెళ్లి కోసం ప్రార్థించడం మానకూడదని కూడా లేదు. తప్పు జరిగేది వేరేచోట: పెళ్లయ్యాక చూద్దాంలే అని జీవితాన్ని వాయిదా వేయడంలో. ఇల్లు సర్దుకోవడం, దశమభాగం క్రమంగా ఇవ్వడం, అతిథులను పిలవడం, ఒక పరిచర్య బాధ్యత తీసుకోవడం, వీలునామా రాయడం. మీ జాబితాలో ఇలా ఆగిపోయినవాటిలో ఒకదాన్ని ఈ నెలలో మొదలుపెట్టండి.

ఒంటరిగా ఉన్నవాళ్లు ఆత్మీయంగా ఎక్కడ జారిపడతారు?

ఎక్కువగా నాలుగు చోట్ల.

మొదటిది స్వచిత్తం. ఇంట్లో కాదనేవాళ్లు ఉండరు. తిండి, నిద్ర, డబ్బు, సెలవు రోజు అన్నీ మన ఇష్టం. పదేళ్లు ఇలా గడిచాక చిన్న మార్పు కూడా దాడిలా అనిపిస్తుంది. దీనికి మందు, మన సమయం మీద ఇంకొకరికి హక్కు ఇవ్వడం. ఒక వృద్ధుణ్ణో, ఒక బిడ్డనో, ఒక రోగినో ఎంచుకుని వారానికి ఒక నిర్ణీత సమయంలో ఏడాదిపాటు వెళ్లండి. బుద్ధి పుట్టినప్పుడు వెళ్లడం దానికి సమానం కాదు. వెళ్లాలని లేని రోజు వెళ్లినప్పుడే అది మనల్ని మారుస్తుంది.

రెండోది రాత్రి పది తర్వాతి సమయం. అశ్లీల చిత్రాలు, పనికిరాని సంభాషణలు సాధారణంగా అలసట, ఒంటరితనం, చేతిలో ఫోను, ఈ మూడూ కలిసినచోట మొదలవుతాయి. మూడింటిలో ఒకటి తీసేస్తే చాలావరకు తెగిపోతుంది. అన్నిటికంటే తేలిగ్గా తీసేయగలిగింది ఫోను. దాన్ని పడకగదికి బయట ఛార్జింగ్ పెట్టండి, నిద్ర లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి. పడిపోతే 24 గంటల్లోపు ముందే మాట్లాడి పెట్టుకున్న ఒకరితో చెప్పండి. స్త్రీ అయితే స్త్రీతో, పురుషుడైతే పురుషుడితో. వారం ఆగితే సిగ్గు ముదురుతుంది. సిగ్గు ముదిరితే మళ్లీ అదే చోటికి తీసుకుపోతుంది.

మూడోది పరిచర్య పేరుతో అరిగిపోవడం. మీకేం, కుటుంబం లేదుగా అంటూ ప్రతి పనీ ఒంటరివాళ్ల మీదే పడుతుంది. ప్రభువు విషయాల్లో చింత ఉండటం (1 కొరింథీయులకు 7:32) అంటే సంఘం కుర్చీలన్నీ మీరే సర్దడం అని కాదు. వారంలో ఒక రోజు, రోజులో ఒక గంట అయినా ఎవరికీ ఇవ్వనిదిగా ఉంచుకోండి.

నాలుగోది ఒకే మనిషి మీద వాలిపోవడం. ఒక స్నేహితుణ్ణి భార్యాభర్తల స్థానంలో నిలబెడితే, ఆ స్నేహితుడికి పెళ్లి కుదిరినరోజు లోకం కూలినట్టవుతుంది. వేర్వేరు వయసులవాళ్లతో స్నేహాలు పెంచుకోండి. వారానికి కనీసం రెండు పూటలైనా ఎవరితోనైనా కలిసి భోంచేయండి.

పెళ్లి ఆత్మీయంగా ఎలా ఎదిగిస్తుంది?

దగ్గరి నుంచి చూపించి. సంఘానికి మన సాక్ష్యం తెలుసు, మన స్వరం తెలియదు. ఆదివారం ఉదయం ఆలస్యమవుతున్నప్పుడు తలుపు దగ్గర నిలబడి మనం ఎలా అరుస్తామో భార్యకో భర్తకో మాత్రమే తెలుసు. పెళ్లి ఆ పాపాన్ని పుట్టించలేదు, బయటపెట్టింది. దాన్ని చూసి సరైన మనిషిని చేసుకోలేదు అనుకుంటే ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది.

ఎఫెసీయులకు 5వ అధ్యాయాన్ని 22వ వచనం నుంచి చదవడం పాత అలవాటు. 21 నుంచి చదవండి: ఒకరికొకరు లోబడి ఉండండి. కొన్ని అతి పురాతన గ్రీకు ప్రతుల్లో 22వ వచనంలో లోబడటం అనే క్రియాపదమే లేదు, అది 21 నుంచి అరువు తెచ్చుకున్నది. భార్యలతో పౌలు మాట్లాడింది మూడు వచనాలు. భర్తలతో మాట్లాడింది దానికి రెండింతల పైమాటే. భర్తకు ఇచ్చిన కొలత, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకోవడం. ఈ వాక్యభాగాన్ని భార్యకు గుర్తుచేసే భర్త తన వాటా ముందు చదువుకోవాలి.

తూర్పు ఆర్థడాక్సు సంఘాల్లో వధూవరుల తలల మీద కిరీటాలు పెడతారు. అవి రాజరికానికి గుర్తు, హతసాక్షుల కిరీటాలకు కూడా గుర్తు. పెళ్లిలో రోజూ కొంచెం కొంచెంగా చనిపోవాల్సింది ఒకటి ఉందని ఆ ఆరాధనక్రమం మొదటిరోజే చెప్పేస్తుంది.

ఇద్దరం కలిసి ప్రార్థన చేయాలనుకుంటాం, వారంలోనే ఆగిపోతుంది. ఎందుకు?

ఎక్కువ ఇళ్లలో రెండే కారణాలు. ఒకటి, మొదటిరోజే ముప్పావుగంట పెట్టుకోవడం. రెండు, ప్రార్థనలో ఒకరికొకరు ప్రసంగం చేసుకోవడం. "ప్రభువా, ఈమెకు ఓర్పు నేర్పు" అని పైకి అంటే అది ఆమె చెవికి వెళ్లిన ప్రార్థన. మర్నాడు ఆమెకు పని గుర్తొస్తుంది.

10 నిమిషాలతో మొదలుపెట్టండి. ఒక కీర్తన, పెద్దదైతే సగం, ఒకరు చదవాలి. ఆ రోజు గురించి ఒక్కొక్కరు ఒక కృతజ్ఞత చెప్పాలి. తర్వాత ఒక్కొక్కరు తన తప్పు ఒకటి, ఎదుటివాళ్లది కాదు, ఒప్పుకోవాలి. ఒక్కొక్కరు ఒక అవసరం చెబితే దాని కోసం రెండోవాళ్లు ప్రార్థించాలి. చివర ప్రభువు నేర్పిన ప్రార్థన కలిసి చెప్పాలి. వారానికి ఐదు రోజులు చాలు. తప్పిన రోజును మర్నాడు రెండింతలు చేసి పూడ్చకండి. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని 1 పేతురు 3:7 చెబుతుంది. గొడవ మధ్యలో ప్రార్థన ముందుకు సాగకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

సూర్యుడు అస్తమించకముందే గొడవ తేల్చుకోవాలా?

ఎఫెసీయులకు 4:26 కోపాన్ని నిల్వ పెట్టుకోవద్దంటుంది. నిద్ర కళ్లతో రాత్రి రెండింటి వరకు వాదించమని కాదు. అలసిపోయి ఉంటే, "నాకు నువ్వు కావాలి, రేపు సాయంత్రం ఏడింటికి మాట్లాడదాం" అని సమయంతో సహా చెప్పి పడుకోండి. సమయం చెప్పకుండా తర్వాత చూద్దాం అంటే తప్పించుకోవడమే.

క్షమాపణ అడిగేటప్పుడు చేసింది పేరు పెట్టి చెప్పాలి: "నీ అమ్మానాన్నల ముందు నిన్ను వెటకారం చేశాను." దాని వల్ల ఎదుటివాళ్లకు ఏమైందో చెప్పాలి. ఏం సరిదిద్దుతారో చెప్పాలి. ఆఖర్న క్షమించమని అడగాలి, జవాబు కోసం ఒత్తిడి చేయకూడదు. "తప్పే, కానీ నువ్వు కూడా..." అన్న క్షణంలో అంతకుముందు చెప్పిందంతా చెల్లదు. ఇంకొకటి: క్షమాపణ ఇవాళే ఇవ్వొచ్చు, నమ్మకం మాత్రం నడవడిక చూశాక తిరిగి వస్తుంది. అప్పు దాచి మోసం చేసినవాణ్ణి క్షమించి, ఖాతా వివరాలు ఆరు నెలలు చూపించమనడంలో తప్పు లేదు.

కొడతాడు. సహించడమే నా సిలువ అంటున్నారు. నిజమేనా?

కాదు. యేసు సిలువను తన ఇష్టంతో, ఇతరుల రక్షణ కోసం ఎత్తుకున్నాడు. కొట్టేవాణ్ణి కొట్టనివ్వడం వల్ల అతనికి రక్షణ దొరకదు, పాపం ముదురుతుంది. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు అక్కడే నిలబడలేదు, తప్పించుకున్నాడు (1 సమూయేలు 19:10). పౌలు గంపలో గోడ మీంచి దిగి దమస్కు వదిలాడు (అపొ. కార్యములు 9:25). వాళ్లను ఎవరూ అవిశ్వాసులనలేదు.

మొదట సురక్షితమైన చోటికి వెళ్లండి. గాయాలుంటే డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి, పోలీసులకు చెప్పండి. ఒక సంచిలో గుర్తింపు పత్రాలు, కొంత డబ్బు, పిల్లల పత్రాలు, మందులు ముందే సర్ది ఉంచడం మంచిది. భార్యాభర్తలిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయడం ఇలాంటి సందర్భాల్లో ప్రమాదకరం. అక్కడ నిజం చెప్పిన మనిషికి ఇంటికి వెళ్లాక దెబ్బలు పడతాయి. వెనక్కి వెళ్లమని పంపే కాపరి తనకు తెలియని పనిలో వేలు పెడుతున్నాడు. పురుషులు దెబ్బలు తినే ఇళ్లూ ఉన్నాయి, వాళ్లకూ ఇదే జవాబు.

శారీరక సంబంధం ఆత్మీయతకు అడ్డమా?

కాదు. 1 కొరింథీయులకు 7:5లో పౌలు దంపతులు ఎడంగా ఉండటానికి షరతులు పెట్టాడు: ఇద్దరి సమ్మతి, కొంతకాలం, ప్రార్థన కోసం. తర్వాత మళ్లీ కలుసుకోవాలి. ఒకరే ఉపవాసం ప్రకటించి రెండోవారి మీద రుద్దడం ఇందులో కుదరదు. అలాగే 7:4 భర్త దేహం మీద భార్యకూ అధికారం ఇస్తోంది, కాబట్టి దాన్ని భార్యను బలవంతపెట్టే ఆయుధంగా వాడలేం.

పెళ్లయితే కామపు శోధన, ఒంటరితనం పోతాయా?

పోవు. ఒంటరిగా ఉన్నప్పుడు అశ్లీలానికి అలవాటుపడినవాడు దాన్ని పెళ్లిలోకి తెస్తాడు. పెళ్లికి ముందే కాపరికో, క్రైస్తవ కౌన్సెలర్‌కో చెప్పి చికిత్స మొదలుపెట్టడం, కాబోయే భాగస్వామికి నిజం చెప్పడం న్యాయం.

దేవుడు నాకోసం ఒక్క వ్యక్తినే నిర్ణయించాడా? ఎలా కనిపెట్టాలి?

విధవరాలి గురించి 1 కొరింథీయులకు 7:39లో పౌలు, ఇష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే అంటాడు. అక్కడ ఇష్టం ఉంది, హద్దు ఉంది. దాచిన చీటీ వెతికే ఆట లేదు. "దేవుడు నిన్నే చూపించాడు" అని ఎవరైనా మీతో అంటే, "నాకు చూపించలేదు" అని చెప్పే హక్కు మీకుంది. దేవుని పేరు వాడి ఒత్తిడి చేసేవాడు పెళ్లయ్యాక కూడా అదే వాడతాడు.

చూడాల్సినవి మాత్రం ఉన్నాయి. కాదంటే ఎలా తీసుకుంటారు? తప్పు చేస్తే తమంతట తాము ఒప్పుకుంటారా? తమకు ఏ లాభమూ చేయలేనివాళ్లతో ఎలా మాట్లాడతారు? మంచిరోజు చూసి లెక్క వేయకండి, అలసిన రోజు, ఓడిన రోజు చూడండి. అప్పులు, పిల్లలు కావాలా వద్దా, తల్లిదండ్రుల బాధ్యత, ఆరోగ్యం, ఏ సంఘానికి వెళ్తారు, ఈ ఐదూ పెళ్లి ఖాయం కాకముందే మాట్లాడుకోవాలి.

భాగస్వామి విశ్వాసి కాకపోతే?

పెళ్లయ్యాక మీరు విశ్వాసంలోకి వచ్చి ఉంటే, ఎదుటివారు కలిసి ఉండటానికి ఇష్టపడుతున్నంతవరకు విడిచిపెట్టవద్దని 1 కొరింథీయులకు 7:12-13. ఎదుటివారే వెళ్లిపోతే బంధంలో లేరని 7:15. మాటలతో కాక నడతతో గెలవమని 1 పేతురు 3:1. పక్కమీద కరపత్రాలు పెట్టడం నడత కిందికి రాదు.

తోడును పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవాలా?

చేసుకోవచ్చు, చేసుకోకపోవచ్చు. వయసులో ఉన్న విధవరాళ్లు పెళ్లి చేసుకోవాలని 1 తిమోతి 5:14లో ఉంది. సంఘం పోషించే విధవరాళ్ల జాబితాకు 60 ఏళ్ల వయసు హద్దు 5:9లో ఉంది. ఏడేళ్ల కాపురం తర్వాత విధవరాలై, దేవాలయంలో ఉపవాస ప్రార్థనలతో గడిపిన అన్న అనే ప్రవక్త్రి శిశువైన యేసును చూసింది (లూకా 2:36-38). దుఃఖం తాజాగా ఉన్నప్పుడు మొదటి ఏడాదిలో రెండు వైపులా పెద్ద నిర్ణయం చేయకపోవడం మేలు. ఇక చేసుకోను అనే మొక్కు కూడా పెద్ద నిర్ణయమే.

పరలోకంలో పెళ్లి ఉండదంటే (మత్తయి 22:30) మా బంధానికి విలువ లేనట్టేనా?

యేసు అక్కడ పెళ్లి ఉండదన్నాడు, ప్రేమ ఉండదనలేదు. ఎఫెసీయులకు 5:32 ప్రకారం పెళ్లి క్రీస్తుకూ సంఘానికీ గుర్తు. అసలుది వచ్చాక గుర్తు పని అయిపోతుంది. ఆ రోజు అందరం ఎలా ఉంటామో ఒంటరి విశ్వాసి ఇప్పుడే కొంత చూపిస్తున్నాడు. దంపతులు ఒక వైపు నుంచి, ఒంటరివాళ్లు ఇంకో వైపు నుంచి ఒకే విందు వైపు వేలు చూపిస్తున్నారు.

సంఘంగా మేమేం చేయగలం?

పెళ్లి గురించి వాక్యం చెప్పిన ఏడాదిలో 1 కొరింథీయులకు 7వ అధ్యాయం కూడా చెప్పండి. కాపరిని, పెద్దలను ఎంచుకునేటప్పుడు పెళ్లి కాలేదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టకండి. అలా చేస్తే పౌలుకే మీ సంఘంలో చోటు ఉండదు. ఒంటరివాళ్ల కూడికను సంబంధాలు కుదిర్చే చోటుగా మార్చకండి. "ఇంకా ఎప్పుడు?" అని అడగడం మానేయండి. దంపతులు తమ ఇళ్లు పండుగలకు కాక మామూలు మంగళవారం సాయంత్రం తెరవాలి, అన్నం వండి ఉన్నట్టే, ఇల్లు సర్దకుండానే. పిలిచిన మనిషికి పిల్లల్ని అప్పగించి సినిమాకు వెళ్లిపోతే అది ఆతిథ్యం కాదు. ఒంటరిగా ఉండేవాళ్లకు జబ్బు చేస్తే ఎవరికి ఫోను చేయాలో, వాళ్ల ఇంటి రెండో తాళం ఎవరి దగ్గరుందో సంఘంలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

రోమీయులకు 16వ అధ్యాయంలో పౌలు పేరుపేరునా వందనాలు చెప్పిన జాబితా చదవండి. ప్రిస్కిల్ల, అకుల దంపతులని మనకు తెలుసు. మిగతా చాలామందికి పెళ్లైందో లేదో పౌలు రాయలేదు. పెర్సిసు ప్రభువు కోసం బహుగా ప్రయాసపడిందని రాశాడు, రూఫు తల్లి తనకూ తల్లేనని రాశాడు.